ఐసు ఫ్యాక్టరీకి నలుగురు హామీదారులు

ఉత్తరాంధ్ర వెళ్లొచ్చానంటే చాలు, ఆఫీసులో అందరూ అరకు ఫొటోలు చూపించమంటున్నారు. అరకు నేను చూడలేదు. నేను చూసినవి గజపతినగరంలో ఒక బెల్లం కొట్టు, రామతీర్థంలో నా చెప్పులు మాయమైన మెట్టు, శ్రీకూర్మంలో ఒక వంటశాల, సముద్రం ఒడ్డున తుప్పు పట్టిన ఒక ఐసు ఫ్యాక్టరీ. వీటి కోసం సెలవు పెట్టి మరీ వెళ్లాను. మీరెవరూ ఎటూ వెళ్లరు కాబట్టి రాస్తున్నాను.

సంగతి ముందే చెప్పేస్తాను. మా ఆవిడ తమ్ముడు శ్రీను విజయనగరంలో మోటారు పంపులు రిపేరు చేసే షాపు నడుపుతాడు. వాడికి ఐసు ఫ్యాక్టరీ కొనాలని బుద్ధి పుట్టింది. నలుగురు ఆస్తిపరులు హామీ సంతకాలు పెడితే నలభై లక్షలు అప్పిస్తామని ఒక ఫైనాన్సు కంపెనీ వాళ్లు అన్నారు. ముగ్గురు దొరికారు. నాలుగోవాణ్ని నేను. గజపతినగరంలో మాకో ఇంటి స్థలం ఉంది. కాగితాల మీద పేరు నాది, కొన్న డబ్బు మా ఆవిడది. బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుని దాచిన డబ్బు. శ్రీను అప్పు కట్టలేకపోతే ఆ స్థలం పోతుంది.

"వెళ్లి చూసి రండి. బాగుంటే సంతకం పెట్టండి, లేకపోతే వద్దనండి. మా తమ్ముడితో గొడవ మాత్రం పెట్టుకోకండి," అని మా ఆవిడ నన్ను రైలెక్కించింది. గొడవ లేకుండా వద్దనడం ఎలాగో ఆవిడ చెప్పలేదు. బయల్దేరే హడావుడిలో నేనూ అడగలేదు.

విజయనగరం

స్టేషన్ బయట శ్రీను మోటార్‌సైకిలు వేసుకుని నిలబడ్డాడు. కారు తెస్తానన్నావు కదరా అన్నాను.

"కారేటి బావా, ఆ గోతుల్లో కారెల్తాదేటి? బండే మేలు. ముందు టిఫిను సేసీదుం, రా."

యాభై దాటిన ఇద్దరు మనుషులు, ఒక బ్యాగు, ఒక బండి. నా లాప్‌టాప్ బ్యాగు ట్యాంకు మీద పెట్టి దాని మీద మోచేతులు ఆన్చి నడుపుతాడు. జాగ్రత్తరా అంటే, "నాను పట్టుకునే ఉన్నాను కదేటి" అంటాడు.

టిఫిను కొట్లో ఇడ్లీ ప్లేటు ముప్ఫై రూపాయలు. సాంబారులో బెల్లం. మాది తెనాలి వైపు. మాకు సాంబారంటే కళ్లు చెమర్చాలి. ఇక్కడ పొద్దున్నే పాయసం తాగినట్టుంది. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి ఏం చేస్తుంటానని అడిగాడు. నేను నోరు తెరిచే లోపే శ్రీను అందుకున్నాడు. "మా బావండీ. హైదరాబాదులో అప్పుల కంప్యూటర్లన్నీ ఈయన సేతిలోనే ఉంటాయి."

కాదండీ అని సర్దబోయాను. అప్పులిచ్చే కంపెనీలు తమ నిబంధనలు తామే రాసుకోవడానికి వీలుగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేస్తుంటాం, కంప్యూటరుకి అర్థమయ్యే భాష, అని చెప్పాను. ఆయన చట్నీ నంజుకుంటూ ఆలోచించాడు.

"ఉన్న బాసలు సాలవేటి?"

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నేనూ అదే అడుగుతున్నాను. ఏడాదికో కొత్త భాష పుడుతుంది, పాతవాటిలోని తప్పులన్నీ సరిదిద్దామంటుంది, కొన్ని కొత్త తప్పులు కని పెద్దదవుతుంది. మా ఆఫీసులో ఈ మధ్య ఆర్నెల్లు కొట్టుకున్నది ఒక ఖాళీ గడి గురించి. అప్పు తీసుకునేవాడి ఆదాయం రాయాల్సిన చోట ఎవరో ఏమీ రాయలేదు. అప్పుడు మా భాష ఏం చేయాలి? ఆగిపోయి అరవాలి అంటాను నేను. ఏదో ఒకటి అనుకుని ముందుకు పోవాలి అంటారు పైవాళ్లు. ఆగిపోతే కస్టమరు ఫోన్ చేసి తిడతాడట. ముందుకు పోతే ఎవరూ ఫోన్ చేయరట. నిజమే. ఆ ఖాళీలన్నీ కలిసి కంపెనీని ముంచే రోజు వచ్చేదాకా ఎవరూ చేయరు. ఓడిపోయింది నేనే.

గజపతినగరం

మొదటి హామీదారు అప్పలనాయుడు గారు. సంతలో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. కొట్టు బయట ఈగలు, లోపల బెల్లం దిమ్మలు, వాటి మధ్య ఆయన. మా వైపు పని మాట ముందు, టీ తర్వాత. ఇక్కడ అన్నం తినకుండా పని మాట ఎత్తడం తప్పు. అందుకని పదకొండు గంటలకే అన్నం. చోడిపిండి అంబలి, వంకాయ కూర, అందులోనూ బెల్లమే. మా వైపు రాగులనేవాటిని వీళ్లు చోడులంటారు. అంబలి బాగుంది. ఆ మాట అన్నందుకు ఇంకో చెంబుడు పోశారు.

చేతులు కడుక్కున్నాక అడిగాను. ఆ ఐసు ఫ్యాక్టరీ ఎలా ఉందండీ?

"నాకేటి తెలుస్తాది బాబూ? నాది బెల్లం."

"చూడలేదా?"

"సూడ్డానికేటున్నాది? రామతీర్తం మేస్టారు పెడతానన్నారు. ఆయన లెక్కల మేస్టారు. ఆయన కన్నా మనం ఎక్కువ సూసెత్తామేటి?"

"మరి అప్పు మునిగితే ఈ కొట్టు పోతుంది కదండీ."

ఆయన నా మీద జాలిపడ్డాడు. "శీనుగాడి పెళ్లికి పెద్దమనిషిని నానే బాబూ. ఆడొచ్చి మావా సంతకం అంటే, ఏ మొకంతో కాదనీది?"

మొహమాటం మీద మనకో మోటు సామెత ఉంది. ఇక్కడ రాయలేను, మీకు తెలుసు. పెద్ద పెద్ద బ్యాంకులు ఎందుకు కూలాయో చెప్పే పుస్తకాలు అలమారా నిండా కొన్నాను, ఒక్కదాంట్లోనూ మొహమాటం మీద అధ్యాయం లేదు.

తిరుగుదారిలో మా స్థలం చూశాం. మధ్యలో గడ్డివాము ఉంది, దాని నీడలో రెండు మేకలు. ఎవరివిరా అని అడిగితే, "తెలిసినోళ్లవే బావా, నీకెందుకు" అన్నాడు. నాకెందుకో వాడికి వివరించే ఓపిక లేకపోయింది.

రామతీర్థం

మర్నాడు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక గుడికి వెళ్లే దారిలో కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నారు. గుడి చూసి రమ్మన్నారు, ఆ తర్వాత కొండ మీద బౌద్ధుల కాలం నాటి ఇటుకలూ చూసి రమ్మన్నారు. చూశాను. ఎండలో ఎక్కి, ఆ పాత గోడల పక్కన కాసేపు కూర్చున్నాను. శ్రీను ఫోన్లో ఎవరికో పంపు వైండింగు ధర చెబుతూనే ఉన్నాడు. అంత ప్రశాంతమైన చోట కూడా నాకు ప్రశాంతత దక్కలేదు.

కిందికొచ్చేసరికి గుడి మెట్టు మీద విడిచిన నా కొత్త చెప్పులు లేవు. అదే మెట్టు మీద ఒక జత పాత చెప్పులున్నాయి, రెండంగుళాలు చిన్నవి, ఒకదానికి పట్టీ తెగి పురికొస కట్టి ఉంది.

"ఏసీసుకో బావా," అన్నాడు శ్రీను.

"ఇవి నావి కావురా."

"సెప్పులే కదేటి?"

మా వృత్తిలో ఇలాంటి భాషలు బోలెడు. అంకె కావాల్సిన చోట మాట పెట్టినా ఏమీ అనవు. చెప్పులే కదా అని సర్దుకుని, ఏదో ఒక లెక్క తేల్చి చూపిస్తాయి. రాసేవాడికి హాయి. నడిచేవాడి మడమలు మాత్రం బొబ్బలెక్కుతాయి. నావి ఎక్కాయి. కొత్తవి కొనేదాకా రోజంతా ఆ పురికొస చెప్పుల్లోనే ఈడ్చుకుంటూ తిరిగాను.

మాస్టారు కొబ్బరినీళ్లిచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ఫ్యాక్టరీ మాట అడిగితే అద్దాలు తుడుచుకున్నారు.

"చూడాలనే అనుకున్నానండీ. మోకాళ్లు సహకరించలేదు. అయితే శ్రీకూర్మం పాపారావు ఉన్నాడు కదా, సముద్రానికి దగ్గర్లోనే ఉంటాడు. దగ్గర్లో ఉన్నవాడు చూడకుండా పెడతాడా?"

"ఆయన చూశానని మీతో చెప్పారా?"

"అడగలేదండీ. అడిగితే నమ్మనట్టుంటుంది కదా."

నేను శ్రీను వైపు చూశాను. వాడు కొబ్బరి లేత గుజ్జు గోకి తింటున్నాడు.

శ్రీకూర్మం

శ్రీకాకుళంలో రాత్రి ఆగి, చెప్పులు కొని, పొద్దున్నే శ్రీకూర్మం చేరాం. పాపారావు పెళ్లిళ్లకీ, యాత్రికులకీ వంటలు చేయిస్తాడు. గుడి చూసి, ఆవరణలో తాబేళ్లు తోటకూర నములుతుంటే చూసి, ఆయన వంటశాలకి వెళ్లాం. పెద్ద గుండిగలో పులిహోర కలుపుతున్నారు. మా వైపు పులిహోరకి మిరపకారం ప్రాణం, ఇక్కడ ఆవపిండి ప్రాణం. అరిటాకులో వేసి పెట్టాడు. ఈ ప్రయాణం మొత్తంలో నేను మనసారా మెచ్చుకున్నది అదొక్కటే.

రెండో ముద్ద నోట్లో ఉండగా అడిగాను. ఫ్యాక్టరీ మీరు చూశారు కదండీ?

"నానా? నాకెక్కడ కాళీ బాబూ, పెళ్లిళ్ల మీద పెళ్లిళ్లు. తవరు పెడతన్నారని సెప్పినాడు శీను. అప్పుల కంప్యూటర్లన్నీ తవరి సేతిలోనే ఉంటాయంట కదా? మరి తవరు సూడకుండా పెడతారేటి?"

ఆవపిండి ముక్కుకెక్కింది. ఎవరో నీళ్లిచ్చారు.

బెల్లం నాయుడు మాస్టార్ని నమ్మాడు. మాస్టారు పాపారావుని నమ్మారు. పాపారావు నన్ను నమ్మాడు. నేను ఆ ముగ్గురూ ఏం చూశారో కనుక్కుందామని మూడు రోజులుగా నడుము విరగ్గొట్టుకుంటున్నాను. ఒక పనిని పక్కవాడికి అప్పజెప్పడం, ఆ పక్కవాడు దాన్నే ఇంకో పక్కవాడికి అప్పజెప్పడం మా ప్రోగ్రాముల్లోనూ ఉంది. అందమైన పద్ధతి. షరతు ఒక్కటే. ఎక్కడో ఒకడు, నేనిక ఎవర్నీ అడగను, నేనే చూస్తాను అనాలి. వాడు లేకపోతే ఆ అడగడానికి అంతుండదు, చివరికి యంత్రం ఊపిరాడక చస్తుంది.

అమెరికాలో ఇళ్ల అప్పులు మునిగిన ఏడాది నా ఉద్యోగం ఊడింది. అప్పిచ్చినవాడు దాన్ని ఇంకొకడికి అమ్మాడు, వాడు ఇంకొకడికి అమ్మాడు, కొన్న ప్రతివాడూ తనకన్నా ముందువాడు చూసే ఉంటాడనుకున్నాడు. అదంతా సూట్లు వేసుకున్నవాళ్ల తెలివితక్కువ అనుకుని ఇన్నాళ్లు తిట్టుకున్నాను. సూటుకీ దానికీ ఏం సంబంధం లేదని శ్రీకూర్మం వంటశాలలో అర్థమైంది.

"ఒరేయ్, నేను పెడతానని నీకెప్పుడు చెప్పాను?" అన్నాను బండెక్కుతూ.

"పెట్టవా ఏటి?" అన్నాడు వాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

సముద్రం ఒడ్డున

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే ఒక బెస్తవాళ్ల పల్లె ఉంది. మర్నాడు పొద్దున అక్కడ వలలు బాగుచేసుకునే షెడ్డులో సంతకాల కార్యక్రమం. ఫైనాన్సు కంపెనీ ఆయన కాగితాలతో వచ్చాడు. నాయుడు గారూ, మాస్టారూ, పాపారావూ ఒకే ఆటోలో దిగారు. పల్లెలో చేపల వ్యాపారం చేసే పోలమ్మ టీ తెప్పించింది. ఐసు ఇక్కడే దొరుకుతుందని శ్రీను ఆవిడకి మాటిచ్చాడు.

"నేను పెట్టను," అన్నాను.

శ్రీను మొహం మాడిపోయింది. అక్క మీద ఒట్టేసి తప్పినవాణ్ని చూసినట్టు నన్ను చూసి, లేచి బయటికి పోయాడు. నాకు బాధేసింది. కానీ ఆ తర్వాత జరిగింది చూశాక బాధ కూడా మిగల్లేదు. టీ చల్లారక ముందే నాయుడు గారు, "అలగైతే నాను కూడా ఉండను," అన్నారు. నేనూ అంతే అన్నారు మాస్టారు. పాపారావు ఆటో అతనికి సైగ చేశాడు. ముగ్గురి మొహాలూ పెళ్లిళ్లలోలా వెలిగిపోతున్నాయి. ఫైనాన్సు ఆయన కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు.

"ఎందుకు వద్దన్నానో అడగరేంటండీ!" అని అరిచాను. నిజంగానే అరిచాను.

"అడగడవేటి బాబూ," అన్నారు నాయుడు గారు నెమ్మదిగా. "తవరు సదువుకున్నోరు. ఏదో సూసే ఉంటారు."

నేను సరే అంటాననుకున్నప్పుడూ లెక్క అడగలేదు, కాదన్నప్పుడూ అడగలేదు. శ్రీను పోగేసిన నమ్మకమంతా గ్లాసుడు టీలో కరిగిపోయింది. బ్యాంకుల ముందు జనం ఒకేసారి క్యూ కట్టేది ఇలాగే.

అడిగింది పోలమ్మ ఒక్కతే. గ్లాసులు ఏరుతూ అడిగింది. "నువ్వు ఫేక్టరీ సూసినావా బాబూ?"

"లేదమ్మా."

"మరేటి సూసి వద్దన్నావు? నాకు ఐసెవుడు తెస్తాడు?"

సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది. పద చూద్దాం అని విసురుగా లేచాను. పోతున్న ముగ్గురూ మర్యాద కోసం ఆగారు. ఫ్యాక్టరీ షెడ్డుకి ఎదురుగానే ఉంది, తాళం వేసి ఉంది. కాపలా మనిషి అన్నానికి వెళ్లాడట, ఎప్పుడొస్తాడో తెలియదు. ఇసకలో కూర్చున్నాం. శ్రీను నాకు దూరంగా, అటు తిరిగి కూర్చున్నాడు.

ఈలోగా పడవలొచ్చాయి. ఐసు వ్యాను ఆ రోజు రాలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన బేరగాడు తొందరేమీ లేనట్టు బీడీ కాల్చుకుంటూ నిలబడ్డాడు. ఎండ ఎక్కేకొద్దీ చేప ధర దిగుతుందని వాడికి తెలుసు, పోలమ్మకీ తెలుసు. చివరికి వాడు చెప్పిన రేటుకే ఇచ్చి, ఆవిడ వాడి ఏడు తరాల్నీ తిట్టింది. తర్వాత ఆ డబ్బు అక్కడే ఇసకలో పంచుకున్నారు. పడవకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు. చేప పడని రోజు ఎవరికీ ఏమీ రాదు, ఎవరూ ఎవరికీ బాకీ పడరు.

"ఇది చేసినట్టే అదీ చేయొచ్చు కదా!" అన్నాను.

పొద్దుట్నుంచీ మాట్లాడని శ్రీను తల తిప్పాడు. "ఇది సేపలకి బావా. అది ఫేక్టరీ."

"అయితే ఏం? ఎవరి స్థలమూ తాకట్టు వద్దు, ఎవరికీ ఎవరూ హామీ వద్దు. ఎవరి పాలు వాళ్లు సొంత డబ్బు తెచ్చి పెట్టండి. పోతే ఆ పాలే పోతుంది. నేనూ పెడతాను."

నాయుడు గారు దగ్గి, మోకాళ్ల మీద చేతులేసి లేచారు. "ఆ తాళం ఎవుడి కాడున్నాది?"

తర్వాత నేను చూసిన దృశ్యం మీకు ఎంత చెప్పినా తక్కువే. కాపలా మనిషిని అన్నం ముందు నుంచి లేపుకొచ్చారు. ఫ్యాక్టరీ చూడకుండానే కొట్టు రాసివ్వబోయిన నాయుడు గారు నీళ్లు పోసి ఐసు గడ్డకట్టించే ఒక్కో డబ్బాని గోటితో కొట్టి, చప్పుడు విని, చిల్లిపడ్డవి పక్కన పెట్టించారు. సగానికి పైగా చిల్లులే. మోకాళ్లు సహకరించని మాస్టారు నిచ్చెనెక్కి పైనున్న నీళ్ల ట్యాంకులోకి తొంగిచూశారు. కరెంటు బిల్లులన్నీ తెప్పించమన్నారు. పాపారావు నీళ్లు పుక్కిలించి ఉమ్మి, "ఉప్పు తగుల్తన్నాది," అని తేల్చాడు. శ్రీను చొక్కా విప్పేసి కంప్రెసరు కిందికి దూరి, గ్రీజు మొహంతో బయటికొచ్చి, "దీనికి బేరింగు పోనాది. మార్సీగల్ను," అన్నాడు. నలభై లక్షలకి కొనబోయిన ఫ్యాక్టరీ యంత్రం వాడు మొదటిసారి ముట్టుకోవడం అదేనట. తాళం తీయమని అడగడానికి మొహమాటమేసిందట.

యజమాని ఫోన్లో దొరికాడు. నాయుడు గారు చిల్లుల లెక్క వినిపించి, "కొనడవేటి బాబూ, ఈ సరుకు ఎవుడు కొంతాడు? ఒక్క ఏడాదికి కవులుకియ్యి, సూస్తాం," అన్నారు. బేరం చాలాసేపు సాగింది. కౌలుకీ, రిపేర్లకీ కలిపి తేలిన మొత్తాన్ని ఆరు పాళ్లు చేశారు. ఆరోది పోలమ్మది. ఆవిడ చెవి పోగులు తాకట్టు పెట్టబోతే పాపారావు కసిరాడు. ఆవిడ పాలు ఐసు అమ్మకంలో ఆవిడకొచ్చే డబ్బులోంచి మినహాయించుకునేలా ఒప్పుకున్నారు. అది మళ్లీ అప్పే కదా అని నేను నోరు తెరిచాను. అందరూ నా వైపు ఒకేలా చూశారు. మూసుకున్నాను.

సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది.

"సంతకం పెట్టారా?"

"లేదు."

"అమ్మయ్య. గొడవైందా?"

"అయింది. ఇప్పుడు మాట్లాడుతున్నాడు."

"పోన్లెండి. స్థలం మిగిలింది."

"మిగిలింది. కానీ డెబ్బై వేలు ఇచ్చాను."

ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "చూసి రమ్మంటే కొనుక్కొచ్చారా? పోతేనో?"

"పోతే ఆ డెబ్బై వేలే పోతాయి."

"మీకు భయం లేదూ?"

"ఉంది," అన్నాను. నిజంగా ఉంది. నలభై లక్షలకి మాలో ఒక్కరికీ కలగని భయం డెబ్బై వేలకి ఆరుగురికీ పట్టుకుంది. నేను విజయనగరంలో రైలెక్కే లోపు పాపారావు మూడుసార్లు ఫోన్ చేశాడు, కొత్త బేరింగు వచ్చిందో లేదో శీనుని గట్టిగా అడగమని.